మిద్దె మీది పాత ఏసీ – నాలుగో పాఠం: తిరగని ఫ్యాన్

పోయిన పాఠంలో బయటి యూనిట్ కాయిల్ కడిగాం. శుభ్రంగా కడిగినా గది చల్లబడకపోతే మిద్దె ఎక్కి యూనిట్ ముందు నిలబడి చూడండి. లోపల కంప్రెసర్ గుర్రుమంటూ ఉంటుంది, జాలీ వెనక ఫ్యాన్ రెక్కలు మాత్రం కదలవు. కొన్ని నిమిషాలకు టక్కుమని శబ్దం వచ్చి కంప్రెసర్ కూడా ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ మొదలై మళ్లీ ఆగుతుంది. కింద గదిలో ఉన్నవాళ్లు మాత్రం "గ్యాస్ అయిపోయిందేమో" అంటుంటారు.

అయిపోయింది గ్యాస్ కాదు. ఫ్యాన్ తిరగకపోతే కాయిల్‌లోని వేడి బయటికి పోదు, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది, కంప్రెసర్‌కు రక్షణగా పెట్టిన ఓవర్‌లోడ్ దాన్ని ఆపేస్తుంది. ఆ ఓవర్‌లోడ్ మళ్లీ మళ్లీ ఆపుతోంటే కంప్రెసర్ ఎన్నాళ్లో నిలవదు. కాబట్టి ఈ లక్షణం కనబడగానే ఏసీ కట్టేయండి. "రాత్రికి ఎలాగోలా నడిపిద్దాం" అనుకుంటే చిన్న ఖర్చు కాస్తా పెద్దదవుతుంది.

ఈ పాఠం మామూలు స్ప్లిట్ ఏసీలకే, అంటే ఇన్వర్టర్ కాని పాత రకానికే. ఇన్వర్టర్ ఏసీల్లో చాలావాటికి బయటి ఫ్యాన్ మోటారే వేరు, మోటారుకు మొదటి ఊపు ఇచ్చే కెపాసిటర్ అనే చిన్న భాగం దానికి ఉండదు. పైగా బోర్డు మీది పెద్ద కెపాసిటర్లలో కరెంటు తీసేశాక కూడా మూడొందల వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. ఇప్పుడిప్పుడే నేర్చుకునేవాళ్లు దాని మూత తీయకండి.

పని తెల్లవారుజామునే పెట్టుకోండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, మన కర్నూలు మిద్దెల మీద మే నెల పదకొండు గంటలకు రేకు డబ్బా మీద చెయ్యి పెట్టలేం. నేను ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా దిగిపోతాను.

ముందు చీపురు పుల్ల, తర్వాతే స్పానర్

ఫ్యాన్ తిరగలేదనగానే చాలామంది మోటారు కొనడానికి పరిగెత్తుతారు. మోటారు ధర వేలల్లో ఉంటుంది, కెపాసిటర్ ధర వందల్లోనే. నేను చూసిన ఆగిపోయిన ఫ్యాన్లలో ఎక్కువ వాటికి పోయింది కెపాసిటరే. అందుకే అంగడికి పోయే ముందు ఇరవై నిమిషాలు పరీక్షకు పెట్టండి.

మొదటి పరీక్షకు మీటరు అక్కర్లేదు. ఏసీ నడుస్తూ, ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు పొడి చీపురు పుల్ల ఒకటి జాలీలోంచి దూర్చి రెక్కను మెల్లగా ఒకవైపు తోయండి. చెయ్యి జాలీ బయటే ఉండాలి. తోయగానే ఫ్యాన్ అందుకుని వేగం పుంజుకుంటే మోటారులోని మెయిన్ వైండింగ్‌లో (ముఖ్యమైన తీగ చుట్టలో) ప్రాణం ఉన్నట్టే, మొదటి ఊపు ఇవ్వాల్సినది చచ్చిపోయింది. ఇంకో చిత్రం చూడండి: ఎదురువైపు తోస్తే ఎదురువైపే తిరుగుతుంది. అలా ఎటు తోస్తే అటు తిరిగిందంటే కెపాసిటర్ మీద అనుమానం బాగా బలపడినట్టే. సహాయ వైండింగ్ తెగినా ఇలాగే జరుగుతుంది, అది మీటరుతో తేలుతుంది. ఈ పరీక్ష ఒక్క నిమిషానికి మించొద్దు.

అసలు ఏం జరుగుతుందో రెండు మాటల్లో చెప్తాను. ఈ మోటారులో రెండు వైండింగ్‌లు ఉంటాయి. మెయిన్ వైండింగ్‌కు కరెంటు నేరుగా వెళ్తుంది, రెండోదానికి, అంటే సహాయ వైండింగ్‌కు, కెపాసిటర్ గుండా వెళ్తుంది. కెపాసిటర్ ఆ రెండో కరెంటును ముందుకు జరుపుతుంది. రెండూ ఒకేసారి కాకుండా ఒకదాని వెనక ఒకటి లాగబట్టే మోటారుకు దిక్కు తెలుస్తుంది. కెపాసిటర్ పోతే బలం ఉంటుంది, దిక్కు ఉండదు. అప్పుడు మోటారు అక్కడే నిలబడి హమ్మంటూ కాలుతుంది.

రెండో పరీక్ష కరెంటు తీసేశాక. ఎంసీబీ దించండి, ప్లగ్గు ఉంటే పీకేయండి, టెస్టరుతో చూసుకోండి. ఆ తర్వాత రెక్కను వేలితో తిప్పండి. మంచి మోటారైతే నాలుగైదు చుట్లు తిరిగి నిదానంగా ఆగుతుంది. చెయ్యి తీయగానే ఆగిపోయినా, గరగరమన్నా, షాఫ్ట్ అటూ ఇటూ ఊగినా బేరింగ్ పోయినట్టు. మన దుమ్ముకు, ఎండకు గ్రీజు ఎండిపోతుంది. బేతంచెర్ల వైపు నాపరాయి పాలిష్ పట్టే యూనిట్ల దగ్గర ఇళ్లకైతే ఇది ఇంకా తొందరగా వస్తుంది, ఆ తెల్ల పొడి సందు దొరికితే చాలు దూరిపోతుంది. ఇలాంటి మోటారుకు కొత్త కెపాసిటర్ వేసినా కొన్నాళ్లే.

కెపాసిటర్

పక్క మూత స్క్రూలు తీస్తే రెండు కెపాసిటర్లు కనిపిస్తాయి. అల్యూమినియం డబ్బాలా పెద్దగా ఉన్నది కంప్రెసర్‌ది. నల్లటి లేదా తెల్లటి చిన్న ప్లాస్టిక్ పెట్టె ఫ్యాన్‌ది. కొన్ని యూనిట్లలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి, పైన మూడు చోట్ల సి (రెండింటికీ కామన్), ఫ్యాన్, హెర్మ్ (కంప్రెసర్‌ది) అని గుర్తులుంటాయి. ఏ వైరు ఎక్కడుందో ముందే ఫోన్‌లో రెండు ఫొటోలు తీయండి. తీశాను అనుకుని తీయకుండా లగ్గులు (వైరు కొనల క్లిప్పులు) పీకేసి, తర్వాత తల పట్టుకున్న రోజు నాకూ ఉంది.

ముట్టుకునే ముందు కెపాసిటర్‌లో నిలిచిన కరెంటు వదిలించాలి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపించడం చాలామంది మెకానిక్‌ల అలవాటు. చూడ్డానికి గొప్పగానే ఉంటుంది కానీ ఆ మెరుపుకు లగ్గు కాలుతుంది, కొన్నిసార్లు లోపలి పొర కూడా దెబ్బతింటుంది. పాత గుండు బల్బు, 100 వాట్లది, హోల్డర్‌కు రెండు వైర్లు కట్టి ఉంచుకోండి. ఆ వైర్ల కొనలు కెపాసిటర్ రెండు కాళ్లకు కొన్ని సెకన్లు ఆనిస్తే చాలు. మూడు కాళ్లదైతే సి నుంచి ఫ్యాన్‌కు, సి నుంచి హెర్మ్‌కు, విడివిడిగా. తర్వాత మీటరును వోల్టుల మీద పెట్టి సున్నా ఉందని చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

పైభాగం ఉబ్బినా, నూనె కారినా, ప్లాస్టిక్ పగిలినా కొలవాల్సిన పని లేదు, పారేయండి. బాగానే కనిపిస్తే వైర్లు తీసి, మీటరులో కెపాసిటెన్స్ గుర్తు మీద పెట్టి కొలవండి. స్టిక్కర్ మీద 4 ఎంఎఫ్‌డీ (కెపాసిటెన్స్ కొలత) ఉండి, పక్కన ప్లస్ మైనస్ 5 శాతం అని ఉంటే 3.8 నుంచి 4.2 లోపు రావాలి. పది శాతం తగ్గితే నేనైతే మార్చేస్తాను. చూడ్డానికి కొత్తదానిలా ఉండి 1.5 చూపించేవి కూడా ఉంటాయి, వేడికి లోపల మెల్లమెల్లగా అరిగిపోతుంది.

అంగట్లో అడిగేటప్పుడు ఒక చిక్కు ఉంది. మన దగ్గర చాలామంది ఫ్యాన్ కెపాసిటర్‌నే కండెన్సర్ అంటారు. ఏసీలోనేమో బయటి కాయిల్ పేరు కూడా కండెన్సరే. "ఏసీ కండెన్సర్ కావాలన్నా" అంటే అంగడాయన మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. పాతది చేతిలో పట్టుకుపోయి "ఫ్యాన్‌ది, నాలుగు ఎంఎఫ్‌డీ, 440 వోల్టులది" అనండి. ఎంఎఫ్‌డీ అన్నా మైక్రోఫారడ్ అన్నా ఒకటే. వోల్టుల అంకె పాతదానికంటే ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువ మాత్రం వద్దు. ఎంఎఫ్‌డీ మాత్రం ఎంత ఉంటే అంతే.

ఈ మాట నేను నేర్చుకున్న తీరు చెప్తాను. మా మామ ఇంట్లో ఏసీకి నాలుగు ఎంఎఫ్‌డీ దొరకలేదు. "ఆరు వేయి నాయనా, ఇంకా జోరుగా తిరుగుతుంది" అని పక్కన ఎవరో అన్నారు, నేనూ వేసేశాను. నిజంగానే జోరుగా మొదలైంది. మామ మెచ్చుకున్నాడు కూడా. నెల తిరక్కముందే మోటారు కాలిన వాసన. కెపాసిటర్ పెద్దదైతే సహాయ వైండింగ్‌లోకి కరెంటు ఎక్కువ పోతుంది, అది రోజంతా తనకు తగ్గ దానికంటే వేడిగా నడుస్తుంది. చిన్నదైతే ఇంకో తంటా, ఊపు చాలక మోటారు నిదానిస్తుంది, వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోయినప్పుడు అసలు కదలదు. ఆ మోటారు డబ్బులు మామ నా దగ్గర తీసుకోలేదు కానీ, ఇప్పటికీ పండక్కి పోతే ఆ మాట వస్తుంది.

మోటారు

కొత్త కెపాసిటర్ వేసినా తిరగలేదు, లేదా బేరింగ్ గరగరమంది. అప్పుడు మోటారు. ముందు వైండింగ్ కొలుద్దాం. మోటారు నుంచి వచ్చే మూడు వైర్లు విడదీసి, రెండేసి చొప్పున మూడు జతలకూ ఓమ్‌లు చూడండి. మంచి మోటారులో రెండు చిన్న అంకెలు కలిపితే మూడో పెద్ద అంకె రావాలి. ఉదాహరణకు 150, 180 వస్తే మూడోది 330 దగ్గర ఉంటుంది. అంకెలు మోటారును బట్టి మారతాయి, కూడిక మాత్రం మారదు. పెద్ద అంకె వచ్చిన జతను వదిలేస్తే మిగిలిన వైరే కామన్, అంటే రెండు వైండింగ్‌లూ కలిసే వైరు. ఏ జతకైనా మీటరు అసలు కదలకపోతే వైండింగ్ తెగి ఉండొచ్చు, కానీ తొందరపడకండి. లోపల వేడికి తెరుచుకునే కటౌట్ ఉండే మోటార్లు ఉన్నాయి. గంటసేపు చల్లారనిచ్చి మళ్లీ కొలవండి. ఏ వైరు నుంచైనా మోటారు ఒంటికి మీటరు ఏ కొంచెం చూపినా ఆ మోటారు పనికిరాదు, షాక్ కొడుతుంది.

విప్పడంలో కష్టమంతా ఒక్క నట్టులోనే ఉంది. ముందు జాలీ తీస్తే రెక్కల మధ్యలో కనిపిస్తుంది. చాలా యూనిట్లలో ఆ నట్టుకు ఎడమ మర ఉంటుంది, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితేనే వదులవుతుంది. ఫ్యాన్ తిరిగే దిక్కుకు నట్టు దానంతటది ఊడిపోకుండా అలా చేస్తారు. కొందరు రెక్కల మీదే ఏ వైపు తిప్పాలో బాణం వేస్తారు. మర ఏదో చూసుకోకుండా బలం చూపిస్తే షాఫ్ట్ మరే పోతుంది.

నట్టు వచ్చినా రెక్కలు రావు. ఏళ్ల తరబడి తుప్పు పట్టి షాఫ్ట్‌ను కరుచుకుని ఉంటాయి. సుత్తితో కొట్టకండి, ప్లాస్టిక్ రెక్క చిట్లితే అలాంటిదే దొరకడం మోటారు దొరకడం కన్నా కష్టం. బయటికి కనిపించే షాఫ్ట్ కొనను ముందు ఎమరీ కాగితంతో తళతళలాడేలా రుద్దండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి టీ తాగి రండి. వచ్చాక రెక్కల బొడ్డు వెనక రెండు చేతుల వేళ్లూ పెట్టి, రెండు వైపులా సమానంగా కొద్దికొద్దిగా ముందుకు లాగండి. ఒకవైపే లాగితే ఇరుక్కుంటుంది. తర్వాత మోటారుకు నాలుగు బోల్టులు, అంతే.

కొత్తది కొనేటప్పుడు పాత మోటారునే అంగడికి తీసుకుపోండి. వాట్లు, నిమిషానికి చుట్లు, షాఫ్ట్ లావు, పొడవు, బోల్టుల మధ్య దూరం, తిరిగే దిక్కు, ఏ ఎంఎఫ్‌డీ అడుగుతుంది, ఇవన్నీ కలవాలి. మోటారు మారితే దాని స్టిక్కర్ మీద ఉన్న ఎంఎఫ్‌డీయే వేయాలి, పాతది కాదు. మోటారుతో పాటు కెపాసిటర్ కూడా కొత్తదే వేయండి.

బిగించేటప్పుడు వైర్లు వచ్చే రంధ్రం కిందికి ఉండాలి. వైరు కాస్త వేలాడేలా వంపు ఇవ్వండి, వాన నీళ్లు ఆ వంపు దగ్గర బొట్టుగా రాలిపోతాయి, మోటారులోకి పాకవు. మోటారు అడుగున చిన్న రంధ్రం ఉంటే దాన్ని మూయకండి, అది నీళ్లు పోవడానికే. కనెక్షన్ ఇలా: కామన్ వైరుకు న్యూట్రల్. మెయిన్ వైండింగ్ వైరుకు ఫేజు, కెపాసిటర్ ఒక కాలు కూడా అక్కడే. కెపాసిటర్ రెండో కాలు సహాయ వైండింగ్ వైరుకు. రంగులను నమ్మకండి, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. మోటారు స్టిక్కర్ మీది బొమ్మనే నమ్మండి. ఎర్త్ వైరు మళ్లీ బిగించారో లేదో చూసుకోండి.

రెక్కను చేత్తో తిప్పి చుట్టూ ఎక్కడా రాసుకోవడం లేదని చూశాక జాలీ పెట్టి కరెంటు ఇవ్వండి. గాలి జాలీలోంచి మీ ముఖానికి వేడిగా కొట్టాలి. తిరుగుతున్నా గాలి సరిగా రాకపోతే దిక్కు తప్పింది, ఆపేయండి. ఆపాక మళ్లీ వేయడానికి కనీసం మూడు నిమిషాలు ఆగండి, కంప్రెసర్ లోపలి ఒత్తిడి సర్దుకోవాలి.

క్లాంప్ మీటరు (వైరు చుట్టూ నోరు మూసి కరెంటు కొలిచేది) ఉన్నవాళ్లకు చివరి పరీక్ష. ఏసీ నడుస్తుండగానే కెపాసిటర్‌ను తూయొచ్చు. కెపాసిటర్ నుంచి సహాయ వైండింగ్‌కు పోయే వైరులో కరెంటు ఎంతో చూసి 3183తో గుణించి, కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య వోల్టులతో భాగిస్తే ఎంఎఫ్‌డీ వస్తుంది. 0.42 ఆంపియర్లు, 335 వోల్టులు వస్తే లెక్క 3.99, అంటే నాలుగు. అమెరికా వాళ్ల వీడియోల్లో 2652 అని చెప్తారు. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్, మనది 50, అందుకే ఆ తేడా. ఇంత తక్కువ కరెంటును క్లాంప్ సరిగా చూపదు. కరెంటు తీసి ఉన్నప్పుడే ఆ వైరును క్లాంప్ నోట్లో ఐదు చుట్లు చుట్టండి, చూపించిన అంకెను ఐదుతో భాగించండి. కాళ్ల మధ్య మూడొందలు దాటిన వోల్టులుంటాయి కాబట్టి ప్రోబ్‌లు కూడా కరెంటు లేనప్పుడే క్లిప్పులతో తగిలించి, చేతులు తీసేశాక ఏసీ వేయండి.

ఈ వారం అభ్యాసం. ఒక ఏసీకి మీటరు 0.31 ఆంపియర్లు, 345 వోల్టులు చూపింది. కెపాసిటర్ స్టిక్కర్ మీద 4 ఎంఎఫ్‌డీ, ప్లస్ మైనస్ 5 శాతం అని ఉంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ఇంటివాళ్ల ఫిర్యాదల్లా మధ్యాహ్నం మూడింటికి మాత్రం ఏసీ ఆగిపోతోందని. కెపాసిటర్ ఉంచుతారా, మారుస్తారా? పొద్దున నడిచినది మూడింటికే ఎందుకు ఆగుతోంది? జవాబు రాసిపెట్టుకోండి, అయిదో పాఠం కంప్రెసర్ కెపాసిటర్ మీద. అక్కడ ఈ లెక్కతోనే మొదలుపెడదాం.