సొంతంగా కట్టిన డిస్టార్షన్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే పెట్టె) మొరాయిస్తే, విప్పే ముందు

- ఆంప్ వాల్యూమ్ బాగా తగ్గించండి, హెడ్‌ఫోన్స్ అసలు వద్దు. వదులు వైరు ఒక్కసారి తగిలిందంటే ఆ మోతకి చెవులు గింగురుమంటాయి.
- సోల్డరింగ్‌కి ముందు పవర్ తీసేయాలి.
- అడాప్టర్ 9 వోల్టుల డీసీయేనా, ప్లగ్ మధ్యలో నెగటివేనా మీటర్‌తో చూడండి. ఇంట్లో పడున్న రౌటర్ అడాప్టర్ సాధారణంగా దీనికి తలకిందులు, అది గుచ్చితే లోపలి ఐసీ (చిప్) పోయినా పోవచ్చు.
- బ్యాటరీతో చూస్తుంటే ఇన్‌పుట్ జాక్‌లో కేబుల్ ఉంచండి, చాలా పెడల్స్‌లో అది లేకపోతే కరెంటే రాదు (నేను ఓ సాయంత్రమంతా దీనికే తగలేశా).
- టీఎల్072 (సిగ్నల్‌ని పెంచే ఐసీ) అవుట్‌పుట్ కాలి (పిన్) దగ్గర మామూలుగా 4.5 వోల్టులకు అటూఇటూ రావాలి, కొలిచేటప్పుడు ప్రోబ్ జారి పక్క కాలికి తగలనివ్వకండి.
- ఆడియో ప్రోబ్ (సిగ్నల్ ఎక్కడ ఆగిందో వినడానికి ఆంప్‌కి కలిపే వైరు) వాడితే కొనకి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి, లేదంటే డీసీ నేరుగా ఆంప్‌లోకి పోతుంది.