ఇసుక మీద పెళ్ళి: ఎక్కడ బెడిసికొడుతుంది, ఎలా సరిచేయాలి

ఇది విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న తీరాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది.

సమస్య: సాయంత్రం దూరంగా ఉన్న అల, ముహూర్తం వేళకు పీటల కిందికొచ్చింది

కారణం: మీరు స్థలం చూసింది పాటులో, అంటే నీళ్ళు వెనక్కి తగ్గిన వేళ. పెళ్ళి పెట్టుకున్నది పోటులో, నీళ్ళు ముందుకొచ్చిన వేళ. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అందుకే అదే పోటు మర్నాడు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వారం ముందు అదే గంటకు వెళ్ళి చూసొచ్చామంటే లాభం లేదు.

పంచాంగంలో ఇంకో మెలిక ఉంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎత్తుగా ఉంటుంది. అంటే మనం ఇష్టంగా పెట్టుకునే విదియ, తదియల్లోనే. అష్టమి దాటాక తగ్గుతుంది కాబట్టి దశమి ముహూర్తం దొరికితే కాస్త నిశ్చింత.

పరిష్కారం: హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే పోటు వేళలు, అలల హెచ్చరికలు చూడండి. ఇసుక మీద ఎండిన నాచు, పుల్లలు గీత గీసినట్టు ఉంటాయి. పోటు అక్కడిదాకా వచ్చి వెళ్ళిందన్నమాట. మండపం ఆ గీతకు బాగా లోపలికి వేయండి. ఊళ్ళో వలలు కుట్టుకునే పెద్దాయన్ని అడిగితే ఇంకా మంచిది.

సమస్య: జీలకర్ర బెల్లం పెట్టకముందే అడ్డుతెర ఎగిరిపోయింది, హోమం నిలవలేదు

కారణం: ఎండకి నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది. పొద్దెక్కేకొద్దీ సముద్రం మీది గాలి ఒడ్డుకు లేచి, మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. తెల్లవారుజామున మాత్రం చాలా రోజులు ప్రశాంతంగానే ఉంటుంది.

పరిష్కారం: ముహూర్తాలు రెండుంటే తెల్లవారుజాముది తీసుకోండి. తెర కింది అంచులో సన్నటి కర్ర దూర్చి కుట్టించండి. హోమగుండానికి సముద్రం వైపు ఇటుకలు రెండు వరసలు ఎత్తుగా పేర్చండి. దీపాలకు గాజు చిమ్నీలు పెట్టండి. షామియానాకు ఆ వైపు గుడ్డ పూర్తిగా మూశారంటే అది తెరచాపే అవుతుంది. మామూలు మేకులు ఇసుకలో ఆగవు. ఇసుక నింపిన గోనె మూటలను లోతుగా పాతి, తాళ్ళు వాటికి కట్టాలి. డెకరేషన్ వాళ్ళు “ఏం కాదండీ” అంటారు. వినకండి.

సమస్య: సముద్రంలో సూర్యాస్తమయం ఫొటో రాలేదు

రాదు కూడా. మనది తూర్పు తీరం, సూర్యుడు మన వెనక కొండల్లోకి దిగుతాడు. సూర్యోదయానికి ఫొటోగ్రాఫర్‌ని పిలవండి.

సమస్య: మంత్రాలకు బదులు మైకులో బుర్రుమనే శబ్దం

గాలి తిన్నగా మైకును కొడుతోంది. స్పాంజి తొడుగు వేయించండి. ఒక పెద్ద స్పీకర్ కన్నా, కూర్చున్నవాళ్ళ మధ్య చిన్నవి నాలుగు నయం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు అనుమతి లేదు. తెల్లవారుజాము ముహూర్తమైతే చుట్టాలను మండపానికి దగ్గరగా కూర్చోబెట్టుకోవడమే.

సమస్య: ముందు రోజు ఎవరో వచ్చి పందిరి తీసేయమన్నారు

కారణం: రిసార్టు వాళ్ళు “బీచ్ మాదే” అన్నారు, మీరు నమ్మారు. ఒడ్డు తీరప్రాంత నియంత్రణ నిబంధనల కిందికొస్తుంది. అక్కడ వల లాగేవాళ్ళకూ, పడవ దించేవాళ్ళకూ అది రోజూ పనిచేసుకునే చోటు.

పరిష్కారం: నగరపాలక సంస్థ, పోలీసుల అనుమతులు కాగితం మీద తీసుకోండి, రిసార్టు మాట మీద కాదు. పల్లె పెద్దలను ముందే కలిసి, పడవల దారి వదిలి పందిరి వేయండి. శుభలేఖ కూడా ఇచ్చి రండి. జనవరి నుంచి మార్చి మధ్య తాబేళ్ళు ఇక్కడ గుడ్లు పెడతాయి, పిల్లలు వెలుతురుకు దారి తప్పుతాయి. మాఘ, ఫాల్గుణ పెళ్ళిళ్ళలో ఫ్లడ్‌లైట్లు సముద్రం వైపు తిప్పకండి, పని కాగానే ఆర్పేయండి.

రిసెప్షన్‌లో వంజరం వేపుడు అనుకుంటే ఒక మాట: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. వైశాఖంలో చేప ధర అడిగాకే మెనూ రాయించండి.

సమస్య: తాతగారి కుర్చీ ఇసుకలో దిగబడింది

నడిచే దారికీ, కుర్చీల వరసల కిందా ప్లైవుడ్ పరచండి. అంతే.

సమస్య: వారం ముందు వాయుగుండం వార్త

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇది మామూలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఏం చేసిందో ఇక్కడివాళ్ళెవరూ మరిచిపోలేదు. ఆ నెలల్లో పెళ్ళైతే దగ్గర్లో ఒక హాలు కూడా బుక్ చేసుకోండి. ఒడ్డునా, హాల్లోనా అన్నది రెండు రోజుల ముందే తేల్చేసి వంటవాళ్ళకూ, పురోహితుడికీ, బస్సు డ్రైవర్‌కూ చెప్పేయండి.