గొర్రె కన్ను చూసి నట్టలు పట్టుకోవడం

రెండేళ్ల కిందట భాద్రపదంలో వారం పైగా ముసురు పట్టింది. అది విడిచాక మా మందలో మూడు పిల్లలు ఒకదాని వెనుక ఒకటి పడిపోయాయి. మాది కనిగిరి దగ్గర పల్లె, 80 దాకా నెల్లూరు జోడిపి గొర్రెలు ఉన్నాయి. పారుడు లేదు, దగ్గు లేదు, మేత కూడా మానలేదు. పారుకోవడం లేదు కాబట్టి నట్టలు, అంటే పొట్టలోని పురుగులు, కావని నేనే తేల్చేసుకున్నాను. మూడో పిల్ల చచ్చిపోయాక పశువుల డాక్టరు గారు దాని నాలుగో పొట్ట కోసి చూపించారు. లోపలి గోడంతా సన్నటి నట్టలు, వేలి కణుపంత పొడవు, ఎరుపూ తెలుపూ కలిపి పేనిన దారంలా కనిపించాయి. ఎరుపు అవి తాగిన రక్తం, తెలుపు గుడ్ల గొట్టం. పక్కనే నిలబడ్డ మా మావయ్య, "కన్ను తెల్లబడిందమ్మా, నాలుగు రోజుల నుంచి చూస్తున్నా, నీకు చెప్పలేదు" అని తల వంచుకున్నాడు.

ఈ నట్ట పేరు హీమాంకస్. సాధారణంగా ఇది పారుడు తెప్పించదు, రక్తం తాగుతుంది. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్లు తాగుతుంది. వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోయినట్టే. పది కిలోల పిల్ల అది ఎన్నాళ్లు తట్టుకుంటుంది? రక్తం తగ్గితే కంటి రెప్ప లోపలి పొర పాలిపోతుంది, అందుకే పెంటికల కంటే ముందు కన్ను చూడాలి.

కన్ను చూసే పద్ధతిని దక్షిణాఫ్రికా పశువైద్యులు ఒక రంగుల కార్డుగా తయారు చేశారు. పేరు ఫమాచా, అంటే ఫాఫా మలన్ గారి చార్టు. అందులో ఐదు రంగులుంటాయి. 1 నిండు ఎరుపు, 3 గులాబి, 5 తెల్ల కాగితం లాంటి రంగు. సెల్‌ఫోన్‌లో ఫొటో పెట్టుకుని పోల్చకండి, రంగు మారిపోతుంది. కార్డును కూడా ఎండలో పడేయకండి, వెలిసిపోతుంది.

గొర్రెను దొడ్డి బయటికి, పగటి వెలుతురులోకి తీసుకురండి. రేకుల కింద చూస్తే ఎర్రటి కన్ను కూడా పాలిపోయినట్టు ఉంటుంది. ఒకరు తల పట్టుకోవాలి. బొటనవేలితో పై రెప్పను కన్ను మీదికి మూసి, కొంచెం లోపలికి నొక్కండి. ఇంకో బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగండి. లోపలి పొర బయటికి ఉబుకుతుంది. ఆ పొర మధ్యలో రంగు చూడండి, రెప్ప అంచు కాదు, మూల కాదు. ఒకటి రెండు సెకన్లలో చెప్పేయాలి. ఎక్కువసేపు లాగి పట్టుకుంటే పొర ఎర్రబడి మోసం చేస్తుంది. రెండు కళ్లూ చూసి, ఎక్కువ పాలిపోయినదాన్నే లెక్కలోకి తీసుకోండి. మొదట్లో నాకు గొర్రెకు రెండు నిమిషాలు పట్టేది, ఇప్పుడు మంద మొత్తం పొద్దున్న మేతకు వదిలేలోపే అయిపోతుంది.

1, 2 వచ్చినవాటిని మేతకు వదిలేయండి. 4, 5 వచ్చినవాటికి వీపు మీద రంగు సుద్ద గీసి, ఆ రోజే మందు తాగించండి. 3 దగ్గరే ఆలోచించాలి: పిల్లలు, సూడి గొర్రెలు, పాలిచ్చేవి, బక్కచిక్కినవి అయితే తాగించాల్సిందే. సూడి వాటికి ఏ మందు పడుతుందో డాక్టరు గారిని అడగండి. 5 వచ్చినదాన్ని మాత్రం తరమకండి. రక్తం లేని గొర్రె నాలుగడుగులు పరుగెత్తితే కూలిపోతుంది. నీడకు చేర్చి, నీళ్లూ మేతా అక్కడికే తెచ్చిపెట్టండి. దవడ కింద నీటి సంచిలా మెత్తటి వాపు ఉన్నా ఆలస్యం చేయవద్దు. వానాకాలంలో రెండు వారాలకోసారి కళ్లు చూడాలి.

కన్ను తెల్లబడితే ప్రతిసారీ హీమాంకసే అనుకోవడం కూడా తప్పే. కార్జంలో చేరే జలగ పురుగు, పిడుదులు, మేత చాలకపోవడం కూడా రక్తం తగ్గిస్తాయి. అందుకని పది గొర్రెల పెంటికలు పరీక్షకు పంపుతాను. నేల మీద పడ్డవి కాదు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి మలద్వారం నుంచే నాలుగైదు గ్రాములు తీసి, కవరు తిరగేసి గాలి లేకుండా ముడేసి, చెవి పోగు నంబరు రాస్తాను. ఐసు ముక్కల మీద పెట్టి అదే రోజు చేర్చాలి. వేడికి వదిలేస్తే గుడ్లు పొదిగిపోయి లెక్క తప్పుతుంది.

ల్యాబులో 4 గ్రాముల పెంటికలను 56 మిల్లీలీటర్ల చిక్కటి ఉప్పునీటిలో కలిపి వడగట్టి, మెక్‌మాస్టర్ పలకలో, అంటే గుడ్లు లెక్కపెట్టే గడుల పలకలో పోస్తారు. గుడ్లు పైకి తేలతాయి. రెండు గడుల్లోని గుడ్లు లెక్కపెట్టి 50తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. జలగ గుడ్లు ఉప్పునీటిలో తేలవు, కాబట్టి కుంట పక్కన మేపేవాళ్లు అడుగున పేరుకునే పరీక్ష కూడా చేయమని అడగాలి. ఇంకో మాట: నట్ట కడుపులో పడ్డాక గుడ్లు పెట్టడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది, రక్తం తాగడం మాత్రం అంతకు ముందే మొదలుపెడుతుంది. గుడ్లు తక్కువ వచ్చి కన్ను తెల్లగా ఉంటే నేను కన్ను మాటే వింటాను.

మందు తాగించాక 10 నుంచి 14 రోజులకు అవే గొర్రెల పెంటికలు మళ్లీ పంపండి. గుడ్లు 95 శాతం తగ్గకపోతే, తూకం చూసి సరైన మోతాదే పోశామా అని ముందు సరిచూసుకోండి. మోతాదు సరిగ్గానే ఉంటే ఆ మందుకు నట్టలు లొంగడం మానేశాయని అనుమానించి, రెండు పరీక్షల కాగితాలూ తీసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లండి.