ఎంబెడెడ్ లినక్స్ డ్రైవర్ల కోసం ఐడీఈ సిద్ధం చేసుకునే ముందు జాగ్రత్తలు

ఐడీఈని (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్‌ను) తెరవకముందే, బోర్డు మీద నడుస్తున్న కెర్నల్ (లినక్స్ ప్రధాన భాగం) వెర్షన్‌ను యూనేమ్ కమాండ్‌తో చూసి, సరిగ్గా అదే వెర్షన్ సోర్సును, అదే కాన్ఫిగ్ ఫైలును దగ్గర పెట్టుకోవాలి. వెర్షన్‌లో తేడా ఉంటే మాడ్యూల్ (కెర్నల్‌లోకి విడిగా లోడ్ చేసే డ్రైవర్ ఫైలు) చక్కగా కంపైల్ అయినా, వెర్‌మ్యాజిక్ (మాడ్యూల్‌లో నమోదయ్యే కెర్నల్ వెర్షన్ గుర్తు) కుదరక, లోడ్ చేసే సమయంలో కెర్నల్ దాన్ని తిరస్కరిస్తుంది.

మన కంప్యూటర్‌లో నడుస్తూ బోర్డు కోసం కోడ్‌ను కంపైల్ చేసే క్రాస్ కంపైలర్, బోర్డు ప్రాసెసర్‌కు తగినదేనా అని చూసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ హెడర్ల (ఫంక్షన్ల వివరాలుండే ఫైళ్ల) మీద పెట్టాలి. ఐడీఈకే వదిలేస్తే అది మన కంప్యూటర్‌లోని యూజర్‌స్పేస్ (మామూలు ప్రోగ్రాములు వాడే) హెడర్లలో వెతుకుతుంది. అప్పుడు కెర్నల్ సందేశాలను రాసే ప్రింట్‌కే వంటి మామూలు ఫంక్షన్ కింద కూడా ఎర్రగీత కనిపిస్తుంది, లేదా అంతకన్నా ప్రమాదకరంగా, అదే పేరున్న వేరే నిర్వచనం దగ్గరికి తీసుకెళుతుంది. కెర్నల్‌ను ఒకసారి బిల్డ్ చేసి, సోర్సుతో పాటే వచ్చే పైథాన్ స్క్రిప్టుతో కంపైల్ కమాండ్స్ జేసన్ ఫైలును (ఏ ఫైలును ఏ కమాండ్‌తో కంపైల్ చేయాలో చెప్పే జాబితాను) తయారుచేసి ఐడీఈకి చూపిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఐడీఈలో ట్యాబ్ వెడల్పు, కెర్నల్ కోడింగ్ శైలి ప్రకారం, 8 అక్షరాలుగా ఉండాలి.

డ్రైవర్‌లో చిన్న పొరపాటు కూడా కెర్నల్ మొత్తాన్ని ఆపేయగలదు కనుక, మొదటి మాడ్యూల్‌ను లోడ్ చేయకముందే సీరియల్ కన్సోల్ (బోర్డు సందేశాలను కేబుల్ ద్వారా చూపే మార్గం) పనిచేస్తోందో లేదో చూసుకుని, బోర్డు బూట్ అయ్యే కార్డుకు నకలు తీసి పెట్టుకోవాలి.