సైంధవుడి గుండు కథ పిల్లలకు ఎలా చెప్పాలి

ఈ కథను నేను చాలా ఏళ్లు తప్పుగానే చెప్పాను. భీముడు సైంధవుణ్ణి పట్టుకున్నాడు, గొరిగాడు, అయిదు పిలకలు వదిలాడు. పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు, నేను అక్కడే ఆపేసేదాన్ని. ఓ రాత్రి మనవరాలు అడిగింది: “అమ్మమ్మా, ఆ తలతో ఇంటికెలా వెళ్లాడు?” నీళ్లు నమిలాను. అప్పటినుంచి పద్ధతి మార్చుకున్నాను.

ముందు వాడు చేసిన తప్పు చెప్పండి. అడవిలో పాండవులు లేని వేళ చూసి ద్రౌపదిని బలవంతంగా రథంలో తీసుకుపోయాడు. ఇది తేలిగ్గా దాటేస్తే భీముడిది ఆకతాయితనంలా కనిపిస్తుంది. చంపకుండా ఎందుకు వదిలారన్నది కూడా ఇక్కడే చెప్పేయాలి. వాడు కౌరవుల చెల్లెలు దుస్సల మొగుడు. ఆడపడుచు ముఖం చూసి చంపొద్దన్నాడు ధర్మరాజు.

గొరిగే చోట తొందరపడకండి. కత్తి కాదు, అర్ధచంద్ర బాణం. పిలకలు మీ తలమీదే వేలితో చూపించండి: ఇక్కడొకటి, ఇక్కడొకటి... మూడోదానికే నవ్వు మొదలవుతుంది. నవ్వనివ్వండి. నవ్వు సద్దుమణిగాక గొంతు తగ్గించి భీముడి షరతు చెప్పండి: ఏ సభకు వెళ్లినా ‘నేను పాండవుల దాసుణ్ణి’ అనాలి. నన్నడిగితే అసలు శిక్ష ఇదే, జుట్టుదేముంది, మళ్లీ మొలుస్తుంది.

ఇక మనవరాలి ప్రశ్న. వాడు ఇంటికి వెళ్లలేదు. గంగాద్వారానికి పోయి శివుడి కోసం తపస్సు చేశాడు. అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురినీ ఒక్కరోజు ఆపగలిగే వరం దొరికింది. యుద్ధంలో పదమూడో రోజు పద్మవ్యూహం దగ్గర వాళ్లను నిలబెట్టేసినవాడు ఈ పిలకలవాడే. లోపల ఎవరున్నారో మీరు చెప్పకండి, కాస్త ఆగండి. పెద్దపిల్లల్లో ఎవరో ఒకరు నెమ్మదిగా “అభిమన్యుడు” అంటారు.

ఇలాంటిదే రుక్మిణి అన్న రుక్మి కథ. అందులో కృష్ణుడు గడ్డం, జుట్టు అక్కడక్కడా వదిలి గొరిగాక బలరాముడు తమ్ముణ్ణి మందలిస్తాడు. ఆ మందలింపు వదిలేయకండి. శూర్పణఖ కథను నేను నవ్వించడానికి చెప్పను. ముక్కుచెవులు కోయడం నవ్వే విషయం కాదు.

పిల్లలు మరీ చిన్నవాళ్లయితే గ్రీకుల మిడాస్ రాజు కథ మేలు. అపోలో దేవుడు ఇచ్చిన గాడిద చెవుల్ని తలపాగా కింద దాచుకుంటాడు. రహస్యం తెలిసిన మంగలి ఉండబట్టలేక గొయ్యి తవ్వి అందులో గుసగుసగా చెప్పి పూడ్చేస్తాడు. అక్కడ మొలిచిన రెల్లు గాలికి ఊగుతూ ఆ మాటే అంటుంది. ఆ గుసగుస గట్టిగా చెప్పకండి, ఒక్క పిల్లాడి చెవిలోనే ఊదండి. రెల్లు పని వాడే చేసిపెడతాడు.