బీగిల్ పిల్లకి కుందేలు వేట నేర్పడం ఎలా?

బీగిల్ అనే పొట్టి వేటకుక్కకి కుందేలుని తరమడం ఎవరూ నేర్పక్కర్లేదు, అది పుట్టుకతోనే వస్తుంది. మనం నేర్పాల్సింది పిలవగానే రావడం. ఆ తర్వాత మన పని చాలావరకు నోరు మూసుకుని నిలబడటమే, ఎక్కువమందికి చేతకానిదీ అదే. మంచి వేటకుక్కలకి పుట్టిన పిల్లని తెచ్చుకుంటారు, ఏడాది తిరక్కుండా అరిచి, తొందరపెట్టి పాడుచేస్తారు, చివరికి "దీనికి ముక్కు పనిచెయ్యదండీ" అంటారు. ముక్కు పనిచెయ్యని బీగిల్‌ని నేనైతే చూడలేదు.

ముందు చట్టం సంగతి. ఇక్కడ రాస్తున్నది అమెరికాలో కాటన్‌టెయిల్ కుందేళ్ల వేట గురించి. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి కుందేలుని వేటాడటం నేరం. తుపాకీ లేదు కదా, కుక్కతో తరిమిస్తే ఏమైందనుకోకండి, ఆ చట్టం వేటకిచ్చిన నిర్వచనంలో తరమడం కూడా ఉంది. అక్కడున్నవాళ్లు కింద చెప్పిన గుడ్డ ఆట వరకు ఆడించుకోవచ్చు, పిల్ల ముక్కుకి అదీ మంచి పనే. అమెరికాలో లైసెన్సు, వేట కాలం, కుక్కలకి శిక్షణ ఇవ్వదగ్గ తేదీలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నియమాలు చదివాకే పొలంలో అడుగు పెట్టండి.

పిల్ల, సామాను

కుక్కల జాతుల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో బీగిళ్లు రెండు రకాలు: భుజం దగ్గర 13 అంగుళాలు మించనివి, 13 దాటి 15 అంగుళాల దాకా ఉండేవి. చిన్నవాటినే తీసుకోండి, అందులోనూ ఆడపిల్లని. ముళ్లపొదల్లో దూరడానికి పొట్టి కుక్కే మేలు. ఆడపిల్ల చెప్పిన మాట తొందరగా వింటుంది. తల్లీ తండ్రీ వేటకి వెళ్లేవో కాదో కళ్లారా చూసి తెచ్చుకోండి, ప్రదర్శనల్లో గెలిచిన కప్పులు చూసి కాదు.

సామానుకి పెద్దగా ఖర్చక్కర్లేదు. మీ ఫోన్ నంబరు చెక్కిన నారింజ రంగు కాలర్, 30 అడుగుల తాడు, నీళ్ల సీసా, మీకో నారింజ రంగు చొక్కా ఉంటే సరిపోతుంది. పిల్ల దూరం వెళ్లే వయసొచ్చాక జీపీఎస్ కాలర్ కొనండి. మీట నొక్కితే కుక్కకి చిన్న కరెంటు షాక్ ఇచ్చే షాక్ కాలర్ గురించి కింద చెబుతాను, అప్పటిదాకా దాన్ని పెట్టెలోంచి తీయొద్దు.

పిలిస్తే రావడం

ఎనిమిది వారాల వయసులో పిల్ల ఇంటికొచ్చిన రోజే మొదలుపెట్టండి. గిన్నె కింద పెట్టే ముందు ఒకే మాటతో పిలవండి, వచ్చాకే తిండి. ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా పిలిస్తే ఏదీ పనిచెయ్యదు. తిట్టడానికి, స్నానానికి, మందు మింగించడానికి ఎప్పుడూ పిలవొద్దు, మీరే వెళ్లి ఎత్తుకోండి. ఇల్లు, పెరడు, తర్వాత తాడు మీద పొలం, ఈ వరుసలో సాగాలి. తాడు మీద ఉన్నప్పుడు పదిసార్లు పిలిస్తే పదిసార్లూ రానిదే విప్పొద్దు.

టీకాలు పూర్తవగానే ఎత్తైన గడ్డిలో, పొదల్లో, చిన్న కాలవల్లో తిప్పండి. దుంగకి అడ్డం పడి ఏడిస్తే ఎత్తి దాటించకండి, అదే దారి వెతుక్కుంటుంది.

గుడ్డ ఆట

కుందేలు తోలు ముక్క గానీ, దుకాణంలో దొరికే కుందేలు వాసన పట్టించిన గుడ్డ గానీ తాడుకి కట్టి గడ్డిలో ఇరవై ముప్ఫై అడుగుల దూరం ఈడ్వండి, చివర తినేది ఏదైనా పెట్టండి. ఇందులో జనం చేసే తప్పు ఒకటే. గుడ్డ ఈడ్చిన దారిలోనే తామూ నడుస్తారు. అప్పుడు పిల్ల పట్టుకునేది కుందేలు వాసన కాదు, మీ బూట్ల వాసన. పొడవాటి కర్ర చివర గుడ్డ కట్టి పక్కనుంచి ఈడ్వండి. తిన్నగా పోవడం వచ్చాక ఒకటి రెండు మలుపులు పెట్టండి. పిల్లకి ఆట అర్థమయ్యాక ఆపెయ్యండి, నెలల తరబడి ఇదే ఆడిస్తే విసుగు పుడుతుంది.

మొదటి కుందేలు

అయిదారు నెలలకి మొదలుపెట్టొచ్చు. తెల్లవారుజామున, గడ్డి మీద మంచు ఆరకముందు వెళ్లండి. నేల చల్లగా, తడిగా ఉంటే వాసన నిలుస్తుంది, ఎండి గాలి కొడుతుంటే ముసలి కుక్కలే తడబడతాయి. కుందేళ్లు మేతకి తిరిగేదీ పొద్దునా సాయంత్రమే. గడ్డి అంచున పొదలూ, కొట్టి పడేసిన కొమ్మల కుప్పలూ ఉన్న చోటు చూసుకుని, కుప్పని కాలితో కదిపి కుందేలుని మీరే లేపండి. మొదటిసారి పిల్ల కళ్లతో చూసి తరుముతుంది. చూపు తప్పగానే ముక్కు కిందకి దిగాలి. వాసన వెంట బీగిల్ మొరుగుతూ పోవాలి, కానీ మొదట్లో గొంతు విప్పకుండా మౌనంగా వెళ్తే కంగారు పడకండి. కొన్ని పిల్లలు ఎనిమిది తొమ్మిది నెలలకి గానీ మొరగవు.

ఒంటరిగానే తీసుకెళ్లండి. "పెద్ద కుక్కతో వదిలితే అదే నేర్పుతుంది" అనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. పెద్ద కుక్క నేర్పేది ఏమిటంటే, తన వెనక పరిగెత్తడం. పిల్ల ముక్కు ఎత్తి, ముందున్న దాని తోక చూస్తూ, అది మొరిగితే తానూ మొరుగుతుంది. చూసేవాళ్లకి ముచ్చటగానే ఉంటుంది, విడిగా వదిలితే తెలుస్తుంది దానికేమీ రాదని. కంచె వేసి బోలెడు కుందేళ్లని వదిలిపెట్టే శిక్షణ ఆవరణలు కూడా నాకు నచ్చవు. ఒక వాసన తప్పితే రెండు అడుగుల్లో ఇంకోటి దొరికే చోట వెతకాల్సిన అవసరం పిల్లకెందుకుంటుంది?

వాసన తప్పిన చోట

ఈ భాగం మాత్రం నెమ్మదిగా చదవండి. బీగిల్ బాగుపడేదీ చెడిపోయేదీ ఇక్కడే.

కుందేలు తిన్నగా పోదు. కొంత దూరం ఉరికి చటుక్కున పక్కకి తిరుగుతుంది, వచ్చిన దారినే వెనక్కి వచ్చి పక్కకి గెంతుతుంది, కాలిబాట ఎక్కుతుంది, కదలకుండా కూర్చుంటుంది. వెనకాల ఊపు మీద వస్తున్న పిల్ల మలుపు దాటి ముందుకి పోతుంది. గొంతు ఆగిపోతుంది. వేటగాళ్లు దీన్ని చెక్ అంటారు. సరైన కుక్క అప్పుడు చేసేది ఇదీ: మొరగడం ఆపుతుంది, చివరగా వాసన తగిలిన చోటుకి తిరిగొస్తుంది, అక్కడ చిన్న చుట్టు తిరుగుతుంది, దొరక్కపోతే ఇంకాస్త పెద్ద చుట్టు. దొరికితేనే గొంతు విప్పుతుంది. ఈ పని మనం చేసి చూపించలేం, మన ముక్కుకి అంత శక్తి లేదు. తప్పుతూ, దొరకబుచ్చుకుంటూ అదే నేర్చుకోవాలి.

ఇప్పుడు యజమాని ఏం చేస్తాడో చూడండి. గొంతు ఆగగానే పరిగెత్తుకొస్తాడు. ఆ చోటంతా తొక్కి, ఉన్న కాస్త వాసనా చెడగొడతాడు. "అదిగో, అటు పోయింది, రా రా!" అని చప్పట్లు కొడతాడు. పిల్ల ముక్కు ఎత్తి ఆయన వైపు చూస్తుంది. కాలర్ పట్టి లాక్కెళ్లి కుందేలు కనబడిన చోట దించుతాడు. వాసన దొరుకుతుంది, పిల్ల మొరుగుతుంది, ఆయన మురిసిపోతాడు. ఇలా కొన్నాళ్లు సాగితే వాసన తప్పగానే తలెత్తి యజమాని కోసం చూసే కుక్క తయారవుతుంది. పాఠం చదవకుండా పక్కవాడి పలకలోకి తొంగిచూసే పిల్లాడి బాపతు.

ఇందులోనే ఇంకో ప్రమాదం ఉంది. కుందేలు ఎటు నుంచి ఎటు వెళ్లిందో సరిగ్గా చూడకుండా పిల్లని దించితే, అది వాసనని వెనక్కి పట్టుకుని కుందేలు లేచిన చోటు వైపే మొరుగుతూ పోతుంది. ఈ వెనక నడక ఒకసారి అలవాటైతే వదిలించడం కష్టం. అలా పోతుంటే అరవకండి. మాట్లాడకుండా వెళ్లి ఎత్తుకుని, మలుపుకి ఇవతల, కుందేలు పోయిన వైపు ముఖం పెట్టి దించి, వెనక్కి వచ్చెయ్యండి.

మరి మనం చెయ్యాల్సిందేమిటి? కుందేలు లేచిన చోటే నిలబడాలి. కాటన్‌టెయిల్ తిరిగే మేర కొద్ది ఎకరాలే. తరిమితే దూరం పారిపోదు, గుండ్రంగా తిరిగి లేచిన చోటు దరిదాపులకే వస్తుంది. కాబట్టి మీరు వెంటపడక్కర్లేదు. గొంతు ఆగగానే గడియారం చూసుకోండి. పది నిమిషాలు కదలొద్దు, ఈల వెయ్యొద్దు, పేరు పెట్టి పిలవొద్దు. పిల్ల మీ దగ్గరికొచ్చి కాళ్ల చుట్టూ తిరిగితే కిందకి చూడనే వద్దు. నిమిరితే ఆట అయిపోయిందనుకుంటుంది. అది పట్టు వదిలేసినట్టు కనిపిస్తే, వాసన తప్పిన చోటుకి కాస్త దూరం దాకా మెల్లగా నడిచి మళ్లీ నిలబడండి. చాలాసార్లు మీ నడక చూసే అది తిరిగి ముక్కు దించుతుంది. దొరికి గొంతు విప్పినప్పుడు కూడా శభాష్ అని కేకలు పెట్టకండి. ఆ వాసన దొరకడమే దానికి బహుమానం, మీ కేక అడ్డం.

ఇరవై నిమిషాలు దాటినా దొరకలేదనుకోండి, తాడు వేసి లాక్కెళ్లకండి. ఏమీ పట్టనట్టు ఇంకో పొద వైపు నడవండి, అదే వస్తుంది. కుందేలు బొరియలో దూరితే మాత్రం అది పిల్ల గెలుపే, అక్కడ మెచ్చుకోవచ్చు.

ఏడు నెలల లోపు పిల్లకి, అదీ ఎప్పుడో ఒకసారి, మనసు పాడవుతుందనిపిస్తే సాయం చెయ్యొచ్చు. ఆ వయసు దాటాక వద్దు.

ఒట్టి నేల మీద మొరిగే కుక్క గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వాసన లేని చోట మొరగడం, చెక్ వదిలేసి దూరంగా పోయి అదృష్టం వెతుక్కోవడం, వాసన దారి వదిలి పక్కనుంచి చుట్టి మిగతా కుక్కల ముందుకి రావడం, ఇవన్నీ అమెరికన్ కెన్నెల్ క్లబ్ బీగిల్ పోటీల నియమాల్లో తప్పులుగా రాసి ఉన్నాయి. స్వతంత్రం లేకపోవడమూ అందులో తప్పే. పోటీలకి వెళ్లే ఉద్దేశం లేకపోయినా ఆ జాబితా చదవండి. అందులో చాలా తప్పులకి కారణం వేగం మీద మన మోజు. నిదానంగా, గీత తప్పకుండా నడిచే కుక్క కుందేలుని మీ ముందుకి తెస్తుంది, ఉరికే కుక్క దాన్ని బొరియలోకి తోలుతుంది.

తుపాకీ శబ్దం, జింకలు

పిల్లకి కుందేలంటే పిచ్చి పుట్టాకే తుపాకీ. అది గొంతెత్తి తరుముతున్నప్పుడు, వంద గజాల అవతల నుంచి మరో మనిషి చిన్న శబ్దం వచ్చే ఖాళీ తూటా పేల్చాలి. తల కూడా తిప్పకపోతే తర్వాతి రోజుల్లో కొంచెం కొంచెం దగ్గరికి రావచ్చు. తోక దించితే మళ్లీ దూరం జరగండి. అలవాటు చేయిద్దామని షూటింగ్ రేంజికి తీసుకెళ్లడం కన్నా తెలివితక్కువ పని లేదు.

జింక కనబడితే ప్రతి బీగిలూ వెళ్తుంది. చిన్నప్పుడు తాడు వేసి, మాట్లాడకుండా ఆ చోటు నుంచి దూరంగా తీసుకురావడమే. ఏడాది దాటినా మానకపోతే అప్పుడు షాక్ కాలర్, తక్కువ స్థాయిలో, అదీ మీ కళ్లతో జింకని చూసినప్పుడే. ఊహించి నొక్కితే, ఆ క్షణంలో అది కుందేలు మీద ఉందంటే, మీ శిక్షణంతా ఒక్క మీటతో పోయినట్టే.

మొదటి వేట

మొదటి సీజన్లో తుపాకీ ఒక్కరి దగ్గరే ఉండాలి. కుందేలు లేవగానే కాల్చొద్దు. పిల్ల దాన్ని ఒక చుట్టు తిప్పి తెచ్చాకే గురి పెట్టండి. కుక్క ఎక్కడుందో కచ్చితంగా తెలియకపోతే మీట మీద వేలు పెట్టకండి. కుందేలు సాధారణంగా కుక్క కన్నా చాలా ముందుంటుంది, కానీ "సాధారణంగా" అన్న మాటని నమ్ముకుని తుపాకీ పేల్చకూడదు. పడ్డాక మీరు పరిగెత్తి తియ్యొద్దు. పిల్ల వాసన మీదే అక్కడిదాకా వచ్చి, మూతి పెట్టి చూసుకోవాలి. ఆ తర్వాత మెల్లగా తీసుకోండి.

తోలు తీసేటప్పుడు రబ్బరు తొడుగులు తప్పనిసరి. కుందేళ్లకి వచ్చే టులరీమియా అనే జబ్బు చేతి మీద చిన్న గీత నుంచి కూడా మనిషికి అంటుకుంటుంది. కాలేయం మీద తెల్లటి చుక్కలుంటే ఆ కుందేలుని వాడొద్దు, కుక్కకి పచ్చి మాంసం పెట్టొద్దు, మీరు తినేది బాగా ఉడికించండి. ఇంటికి బయల్దేరే ముందు పిల్ల చెవులు ఎత్తి లోపల, కాలి వేళ్ల మధ్య, చంకల్లో గోమార్లు, గడ్డి ముళ్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. చెవిలో దిగిన గడ్డి ముల్లుని ఇంట్లో పీకే ప్రయత్నం చెయ్యకుండా డాక్టరుకి చూపించండి.