స్పైడర్‌మ్యాన్ సినిమాలు ఎనిమిదీ అడుగు నుంచి పైకి పేర్చుకోవడం ఎలా

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందు గదిలో హైస్కూల్ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతాను. ఒక వేసవి మధ్యాహ్నం క్లాసు అయిపోయాక ఇద్దరు పిల్లలు స్పైడర్‌మ్యాన్ సినిమాల్లో ఏది గొప్పది అని మాట మొదలుపెట్టారు. గంట గడిచేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా సైకిళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. ఇద్దరికీ ఆ సినిమాలంటే ప్రాణం. వచ్చిన చిక్కల్లా పైనుంచి మొదలుపెట్టడమే. ఫస్ట్ ఏది అనే దగ్గర మొదలుపెడితే ఎవరి హీరోని వాళ్ళు పట్టుకుని కూర్చుంటారు, మిగతా సినిమాల ఊసే రాదు. మర్నాడు ఇద్దరినీ కూర్చోబెట్టి, నేనూ మా తమ్ముడూ ఏళ్ళ తరబడి చేస్తున్న పద్ధతి చూపించాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏయే సినిమాలు లెక్కలోకి వస్తాయో తేల్చుకోవాలి. ఇది తేలకుండా కూర్చుంటే సగం దారిలో గొడవ ఖాయం. మా లెక్కలో ఉన్నవి ఎనిమిది. సామ్ రైమి తీసిన మూడు: 2002, 2004, 2007. ఆండ్రూ గార్ఫీల్డ్ హీరోగా మార్క్ వెబ్ తీసిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ రెండు: 2012, 2014. టామ్ హాలండ్ హీరోగా జాన్ వాట్స్ తీసిన మూడు: 2017లో హోమ్‌కమింగ్, 2019లో ఫార్ ఫ్రమ్ హోమ్, 2021లో నో వే హోమ్. స్పైడర్‌మ్యాన్ విలన్లలో ఒకడైన వెనమ్ మీద విడిగా తీసిన సినిమాలు తీసుకోం, అవి వేరే కథ. 2018, 2023లలో వచ్చిన యానిమేషన్ సినిమాలు రెండూ నాకు చాలా ఇష్టం. రెండోదాంట్లో మన ఇండియా స్పైడర్‌మ్యాన్ పవిత్ర్ ప్రభాకర్ వచ్చినప్పుడు మా పిల్లలు సోఫా మీద నిలబడిపోయారు. అయినా బొమ్మల సినిమాకి వీలయ్యేవి మనుషులు నటించే సినిమాకి వీలుకావు. రెండిటినీ ఒకే తూకంలో వేస్తే ఇద్దరికీ అన్యాయమే. వాటికి వేరే జాబితా పెట్టుకోండి.

తర్వాత పాత క్వశ్చన్ పేపర్ ఒకటి తీసుకుని, వెనక తెల్లవైపు ఎనిమిది చీటీలు కోయండి. ఒక్కోదాని మీద సినిమా పేరు, సంవత్సరం, మీరు ఏ భాషలో చూశారో రాయండి. భాష ఎందుకంటే, తెలుగు డబ్బింగ్‌లో చూసినదాన్నీ ఇంగ్లీషులో చూసినదాన్నీ పక్కపక్కన పెడితే తేడా వస్తుంది. టామ్ హాలండ్ సినిమాల్లో నవ్వంతా గబగబా మాట్లాడే మాటల్లోనే ఉంటుంది. డబ్బింగ్‌లో అది కొన్నిచోట్ల ఇంకా బాగా పేలుతుంది, కొన్నిచోట్ల జారిపోతుంది. వీలైతే అన్నీ ఒకే భాషలో చూడండి. నేను అన్నీ తెలుగులో చూశాను.

మార్కులు మాత్రం వేయకండి. ఇది ఇరవై ఏళ్ళుగా పేపర్లు దిద్దుతున్న మనిషిగా చెబుతున్నాను. సినిమాకి పదికి ఇన్ని అని వేయమంటే అందరూ గోడ మీద పిల్లుల్లా ఏడు, ఏడున్నర దగ్గర ఆగిపోతారు. ఎనిమిది సినిమాల్లో ఐదింటికి ఏడున్నర వస్తే వాటిని ఏ వరసలో పెడతారు? మార్కులకి బదులు రెండేసి చీటీలు ఎదురెదురుగా పెట్టి, ఈ రెండిట్లో ఏది పైన అని అడగండి. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా చెబుతారు.

ఎనిమిది సినిమాలంటే మొత్తం 28 జతలు అవుతాయి. అన్నీ పోల్చక్కర్లేదు. రెండు చీటీలతో మొదలుపెట్టి ఒకదాని కింద ఒకటి పేర్చండి. కొత్త చీటీ వచ్చినప్పుడల్లా వరసలో మధ్యనున్న దానితో పోల్చండి. గెలిస్తే కింది సగంతో పని లేదు, ఓడితే పై సగంతో పని లేదు. మిగిలిన సగంలో మళ్ళీ మధ్యదానితో. ఇలా చేస్తే ఎంత కష్టమైనా 17 పోలికల్లో ఎనిమిదీ కుదురుకుంటాయి. పదో తరగతి పిల్లాడు ఇది విని లెక్క కట్టి చూసుకుని, నిజమే టీచర్ అన్నాడు.

పోల్చేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉండాలి, అదీ ముందే కాగితం మీద రాసుకోవాలి. ఒక జత దగ్గర ఫైట్లు చూసి, ఇంకో జత దగ్గర పాటో పొడుగో చూసి తీర్పు చెబితే ఆ వరసకి అర్థం ఉండదు. నా ప్రశ్న ఇది: ఈ సినిమాలో పీటర్, అంటే ముసుగు వెనకున్న కుర్రాడు, ఏం వదులుకున్నాడు, అది నాకు ఎంత గట్టిగా తగిలింది? సూపర్‌హీరోకి బలం ఊరికే వస్తుంది. సాలీడు కుడితే వచ్చేసింది. ఆ బలం ఉన్నందుకు అతను ఏం కట్టాడన్నదే నాకు కథ. మీ ప్రశ్న వేరే ఉండొచ్చు. మా తమ్ముడి ప్రశ్న, విలన్ వైపు ఎంత న్యాయం ఉంది అని. వాడి వరస నా వరసకి దూరంగా ఉంటుంది, అది సరైనదే. ప్రశ్న మధ్యలో మార్చకుండా ఉంటే చాలు.

ఇక అడుగున ఏది అన్న సంగతి. అడుగున పెట్టబోయే సినిమాని ఇంకోసారి పూర్తిగా చూడకుండా అక్కడ పెట్టకండి. నేనొకసారి ఈ తప్పు చేశాను.

2007 మే నెలలో స్పైడర్‌మ్యాన్ 3 వచ్చింది. మా బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు, ఆ ఎండలో నాన్న నన్నూ తమ్ముణ్ణీ స్కూటర్ మీద గాంధీనగర్‌లోని ఒక థియేటర్‌కి తీసుకెళ్ళారు. ఇంటర్వెల్ తర్వాత హాల్లో ఏసీ ఆగిపోయింది. కాసేపటికి ఒకవైపు స్పీకర్లు కూడా మూగబోయాయి. జనం అరిచారు, ఎవరూ పట్టించుకోలేదు. చివరి గంట మాటలు సగం వినపడకుండానే, చెమటలు తుడుచుకుంటూ చూశాం. బయటికొచ్చాక నాన్న మా ఇద్దరికీ చెరుకు రసం ఇప్పించి, ఇంకెప్పుడూ ఈ హాలుకి రావద్దు అన్నారు. ఆరోజు నుంచి ఆ సినిమా నా వరసలో అట్టడుగునే ఉండిపోయింది. కొత్త సినిమా ఏది వచ్చినా దానికన్నా పైనే పెట్టేదాన్ని.

2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో మళ్ళీ చూశాను. అందులో ఒంటినంతా ఇసుకగా మార్చుకోగల విలన్ శాండ్‌మ్యాన్ మొదటిసారి లేచే సీన్ ఉంది. ఇసుక కుప్ప. అందులోంచి రేణువు రేణువు కూడి మనిషి ఆకారం లేవబోతుంది, కూలుతుంది, మళ్ళీ లేస్తుంది. ఎదురుగా అతని కూతురి ఫొటో ఉన్న లాకెట్ పడి ఉంటుంది. చెయ్యి చాపితే వేళ్ళు పొడై రాలిపోతాయి. రెండోసారి చెయ్యి గట్టిపడి లాకెట్‌ని పట్టుకుంటుంది. ఒక్క మాట ఉండదు. ఆ సీన్ నేను 2007లో చూసే ఉంటాను, కానీ నాకు గుర్తున్నది చెమట, అరుపులు. ముగ్గురు విలన్లని ఒకే సినిమాలో కుక్కారన్న మాట నిజమే. వెనమ్‌కి చోటు చాలలేదు, అదీ నిజమే. అయినా అట్టడుగున ఉండాల్సిన సినిమా మాత్రం కాదు. ఆ రాత్రే చీటీ తీసి ఐదో స్థానంలో పెట్టాను. థియేటర్ చేసిన తప్పుకి సినిమాకి పదమూడేళ్ళు శిక్ష వేశాను. చూసిన రోజు బాగాలేదనిపిస్తే చీటీ మీద చిన్న చుక్క పెట్టుకోండి. చుక్క ఉన్న సినిమాని మళ్ళీ చూసేదాకా వరసలో కలపకండి.

ఇప్పుడు నా ఎనిమిదో స్థానం 2014 నాటి అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 2ది. రెండోసారి చూసే పెట్టాను. అడుగున పెట్టే ముందు చీటీ వెనక మూడు మంచి మాటలు రాయాలన్నది మా ఇంటి నియమం. దీనికి రాసినవి: అన్నిట్లోకీ అందమైన డ్రెస్, భవనాల మధ్య ఊగుతుంటే కడుపులో తిప్పినట్టుండే షాట్లు, ఆండ్రూ గార్ఫీల్డ్, ఎమ్మా స్టోన్ కలిసి కనబడే ప్రతి నిమిషం. పీటర్ ప్రేమించిన గ్వెన్, అంటే ఎమ్మా స్టోన్ పాత్ర, చనిపోవడం నా ప్రశ్నకి సరిగ్గా సరిపోయే నష్టం కూడా. గడియారపు స్తంభంలో పడిపోతున్న అమ్మాయిని సాలెదారం అందుకుంటుంది, కానీ క్షణం ఆలస్యంగా. మరి అడుగున ఎందుకంటే, ఆ నష్టాన్ని సినిమా మోయలేదు. కొన్ని నిమిషాల్లో నెలలు గడిచిపోతాయి, రైనో అనే ఇంకో విలన్ వస్తాడు, హీరో నవ్వుతూ ఫైట్‌కి దిగుతాడు. తర్వాత రాబోయే సినిమాలకి దారులు వేసే తొందరలో ఏడవడానికి కూడా టైమ్ ఇవ్వలేదు.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. నో వే హోమ్‌లో ఇదే గార్ఫీల్డ్ మళ్ళీ వచ్చి, హాలండ్ పీటర్ ప్రేమించే ఎంజే పడిపోతుంటే పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాక, చాలామందికి 2014 సినిమా మీద మనసు కరిగింది. నాకూ కరిగింది. కానీ ఆ కన్నీళ్ళు తెప్పించింది 2021 సినిమా. మంచి పేరు దేనికి రావాలో దానికే ఇవ్వండి. అన్న బాగా చదివాడని తమ్ముడికి మార్కులు వేయం కదా.

ఏడు, ఆరు స్థానాల గురించి ఎక్కువ చెప్పను. ఫార్ ఫ్రమ్ హోమ్ ఏడు, 2012 నాటి అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ ఆరు. మొదటిదాంట్లో విలన్ మిస్టీరియో మాయ చూపించే ఘట్టం అద్భుతం, మిగతాదంతా యూరప్ టూర్. రెండోది పదేళ్ళకే పుట్టుక కథ మళ్ళీ చెప్పింది, కానీ చివర్లో హీరో కోసం క్రేన్ల డ్రైవర్లు వరసగా క్రేన్లు తిప్పి దారి వేయడం నాకెప్పుడూ గొంతులో పట్టేస్తుంది. ఐదు, చెప్పాను కదా, స్పైడర్‌మ్యాన్ 3.

నాలుగు హోమ్‌కమింగ్. డాన్స్ పార్టీకి అమ్మాయిని తీసుకెళ్దామని తలుపు కొడితే, తీసింది విలన్. అమ్మాయి తండ్రి. కారులో ముందు ఆయన, వెనక వీడు. సిగ్నల్ దగ్గర బండి ఆగుతుంది. ఆయన అద్దంలోంచి చూస్తూ ఒక్కో మాటా కలుపుకుంటుంటాడు. మొహం మీద ఎర్ర లైటు. సంగతి తెలిసిపోయేసరికి అది పచ్చగా మారుతుంది. ఒక్క దెబ్బ పడకుండా అంత టెన్షన్ ఈ ఎనిమిదిట్లో ఇంకెక్కడా లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఎర్ర లైటు పడ్డ ప్రతిసారీ నాకు ఆ కారే గుర్తొస్తుంది. మూడు, 2002 నాటి మొదటిది. దొంగని వదిలేయడం, ఆ దొంగ చేతిలోనే బెన్ మావయ్య పోవడం. మిగతా ఏడూ ఆ అప్పు తీరుస్తూనే ఉంటాయి.

పై రెండింటికే రోజంతా పట్టింది. నో వే హోమ్ మన దగ్గర అమెరికా కన్నా ఒకరోజు ముందే, 2021 డిసెంబర్ 16న వచ్చింది. మర్నాడు పుష్ప రిలీజ్, ఊరంతా దాని పోస్టర్లే. బందరు రోడ్డులో ఒక మాల్‌లో చూశాం, అమ్మ కూడా వచ్చింది. రైమి, వెబ్ సినిమాల్లోని పాత స్పైడర్‌మ్యాన్‌లు ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు తెర మీదికి వస్తే హాలు దద్దరిల్లింది, నా పక్కన ముక్కూమొహం తెలియని అబ్బాయి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అమ్మ మాత్రం, "ఈ ఇంకో అబ్బాయి ఎవరే?" అంది.

అమ్మ ప్రశ్న విలువైనది. ఈ సినిమాలో ఐదుగురు విలన్లు ఉన్నారు, ముందొచ్చిన ఐదు పాత సినిమాల నుంచి తలా ఒకరు: గాబ్లిన్, ఆక్టోపస్ డాక్టర్, శాండ్‌మ్యాన్, లిజార్డ్, ఎలక్ట్రో. పాత సినిమాలు కూడబెట్టిన ప్రేమ మీద ఇది నిలబడింది. అలాంటి సినిమా చీటీ చేతిలోకి వచ్చినప్పుడు, పాతవి చూడని మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఈలలు పడ్డచోట్లు ఆ మనిషికి ఖాళీగానే ఉంటాయి. అక్కడా నిలబడ్డదే సినిమా సొంత బలం. చివర్లో లోకమంతా పీటర్‌ని మర్చిపోతుంది. కాఫీ షాపులో ఎంజే ఎదురుగా నిలబడి, చెప్పాలనుకున్నది కాగితం మీద రాసుకొచ్చి కూడా, ఆమె నుదుటి మీద ప్లాస్టర్ చూసి చెప్పకుండా వెళ్ళిపోతాడు. అమ్మ చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "చెప్పేయొచ్చుగా పాపం" అంది. ఆ ఒక్క మాటతో సినిమా రెండో స్థానానికి వచ్చింది.

మొదటి స్థానం 2004 నాటి స్పైడర్‌మ్యాన్ 2ది. రైలు ఫైట్ గురించి అందరూ చెబుతారు. నన్ను పట్టుకున్నది ఇంకోటి. పీటర్ పుట్టినరోజున మే అత్త ఇరవై డాలర్ల నోటు చేతిలో పెడుతుంది. ఆమె ఇల్లే బ్యాంకు వాళ్ళు లాక్కునేలా ఉంది. వద్దంటాడు. ఆమెకి కోపం వచ్చి గట్టిగా కసురుతుంది, తీసుకోమని. వెంటనే మెత్తబడి ఏడుస్తుంది. మా అమ్మమ్మ కంకిపాడు నుంచి వచ్చి వెళ్ళేటప్పుడు ఆటో ఎక్కాక పిలిచి, మడతలు మడతలు పెట్టిన నోటు గుప్పిట్లో కుక్కి, వద్దంటే కసిరేది. ఈ పీటర్‌కి అద్దె కట్టడానికి డబ్బుల్లేవు, పిజ్జా ఉద్యోగం పోయింది, ఇష్టపడ్డ పిల్ల వేరేవాణ్ణి చేసుకోబోతోంది. స్పైడర్‌మ్యాన్ వేషం కూడా వదిలేశాడు. మళ్ళీ తీసుకున్నాక, రైలు ఆపి స్పృహ తప్పిన వాణ్ణి ప్రయాణికులు చేతుల మీదుగా లోపలికి అందించుకుంటారు. ముసుగు లేని మొహం చూసి, కుర్రాడే కదా అనుకుంటారు. ఆ పెట్టెలో ఉన్నవాళ్ళెవరూ బయట చెప్పరు.

మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "అక్కా, నో వే హోమ్‌ని రెండులో పెడితే ఒప్పుకోను" అంటాడు. ఒప్పుకోవద్దు. వాడి చీటీలు వాడివి. ఒకరి వరస ఇంకొకరు దిద్దకూడదు. ఎందుకు పెట్టావో ఒక్క సీన్ చూపించి చెప్పమని మాత్రం అడగొచ్చు. సీన్ చూపించలేకపోతే చీటీ ఒక మెట్టు కిందికి.

వరస కుదిరాక చీటీలు గుండుసూదితో కలిపి, వెనక తేదీ వేసి కవర్లో పెట్టండి. ఏడాదికోసారి పాత వరస చూడకుండా మళ్ళీ పేర్చి, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ మారిందో అక్కడ మాట్లాడుకోవడానికి బోలెడంత ఉంటుంది. కొత్త సినిమా వస్తే ఎనిమిదీ కదపక్కర్లేదు. తొమ్మిదో చీటీని ముందు నాలుగోదానితో, అంటే నా వరసలో హోమ్‌కమింగ్‌తో పోల్చండి. ఎక్కువలో ఎక్కువ నాలుగు పోలికల్లో దాని చోటు అది చూసుకుంటుంది. మా కవర్లో ఆ చీటీ ఇప్పటికే కోసి, ఖాళీగా పెట్టి ఉంది.